దొంగ కోసమా, నా కోసమా?



ఈసారి ఒక చిన్న పెట్టె గూర్చి మాట్లాడుకుందాం. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దది. కారు డ్యాష్‌బోర్డు వెనకాల, చేయి పెడితే తప్ప తగలని చోట దాన్ని కట్టేస్తారు. లోపల ఒక సిమ్ కార్డు, ఉపగ్రహాల మాట వినే ఒక యాంటెన్నా, చిన్న బ్యాటరీ ఉంటాయి. రాత్రిపూట ఎవరైనా బండి తలుపు తెరిచినా, తాళం తిప్పినా యజమాని ఫోనుకు కబురు వస్తుంది. బండి ఎక్కడుందో ఫోనులోని పటం మీద చుక్క పడుతుంది. మా పల్లెల్లో దీన్నంతా కలిపి ఒక్క మాటలో జీపీఎస్ అంటారు. ఆ ఒక్క మాటలో నిజానికి రెండు వేర్వేరు పనులున్నాయి. ఆ రెంటినీ విడదీసి చూడకపోతే మనం ఆ పెట్టె మీద ఉండాల్సిన దానికన్నా ఎక్కువ నమ్మకం పెట్టుకుంటాం, లేదా అక్కర్లేని భయం పెట్టుకుంటాం. రెండూ మనకు మంచివి కావు.

మేమంటే ఈ మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో ఒక చిన్న సహవాసాన్ని నడుపుకొంటున్నవాళ్లము. సేవకులము, సంఘ పెద్దలము, మా ఇండ్లలోని ఆడవాళ్లు, అందరమూ కలిపితే ఒక పది ఇండ్లవాళ్లము. పదిమందిమీ చందాలు వేసుకొని ఒక సెకండ్ హ్యాండ్ వ్యాను కొన్నాము. కూటాలకు ముసలివాళ్లను తీసుకొచ్చేది, ప్రొద్దుటూరుకో కడపకో రోగులను తీసుకుపోయేది అదే. ఆ బండికి ఈ పెట్టె బిగించాలా వద్దా అని మాలో మేము చాలా రోజులు మాట్లాడుకున్నాము. ఆ మాటల్లో మేము నేర్చుకున్నది మీతో పంచుకోవాలని ఇది రాస్తున్నాము.

మైదుకూరు దారుల ఊరు. కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా దిగివచ్చే 40వ నంబరు జాతీయ రహదారి మా ఊరి మీదుగానే కడపకు పోతుంది. తాడిపత్రి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి వచ్చే 67వ నంబరు రహదారి ఇక్కడ దాన్ని కలిసి, బద్వేలు మీదుగా నెల్లూరు వైపు, కృష్ణపట్నం రేవు వైపు పోతుంది. బేరగాళ్లకు ఇది వరం. పసుపు గానీ వడ్లు గానీ కూరగాయలు గానీ ఎటైనా పోతాయి. అయితే దొంగకు కూడా ఆ దారులే దారులు. నడిరేయి ఒక బండి కదిలిందంటే కోడి కూసేసరికి అది ఏ దిక్కున ఉందో చెప్పలేము. కర్ణాటక దూరం కాదు, తమిళనాడు దూరం కాదు. ఇంకో పక్క లంకమల, నల్లమల అడవులున్నాయి. ఎర్రచందనం దొంగతనం గూర్చి మా ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొంగ సరుకు మోసేవానికి తన పేరు మీద లేని బండి కావాలి. ఆ బండి ఎవరో కష్టపడి కొనుక్కున్న బండే అవుతుంది.

మాకు తెలిసిన ఒక రైతన్నకు అట్లాగే జరిగింది. పసుపు, టమాటాలు మార్కెట్టుకు తోలడానికి ఫైనాన్సులో ఒక పికప్ బండి తీసుకున్నాడు. మొదటి ఏడాది ఫుల్ ఇన్సూరెన్సు కట్టినాడు. తరువాత పంట సరిగా రాక, ఖర్చు తగ్గుతుందని థర్డ్ పార్టీ మాత్రమే కట్టినాడు. ఒక రాత్రి ఇంటి ముందర వేపచెట్టు కింద నిలబెట్టిన బండి తెల్లారేసరికి లేదు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ఎదుటివానికి జరిగిన నష్టానికే గానీ మన బండి దొంగతనానికి పనికిరాదు. ఆయన భార్య మాతో ఒక మాట అనింది. "బండి పాయె. కంతు మాత్రం పోలేదు సామీ. నెలనెలా ఆ తేదీకి ఇంటికి వస్తాంది." రెండు బర్రెల పాల డబ్బుతో, లేని బండికి వాళ్లు కంతులు కట్టినారు. ఆ ఇల్లు చూసిన తరువాతే మా పెద్దలలో ఒకరు వ్యానుకు ఆ పెట్టె బిగిద్దామని మాట తెచ్చినారు.

ముందుగా ఈ పెట్టె ఎట్లా పని చేస్తుందో చెప్పుకుందాం. పాత కారు అలారం సంగతి మీకు తెలిసిందే. బండికి దెబ్బ తగిలితే కనిపెట్టే సెన్సారు ఒకటి, తలుపు తెరిస్తే కనిపెట్టే స్విచ్చు ఒకటి, గట్టిగా అరిచే సైరను ఒకటి. దాని బలమంతా అరుపులోనే ఉంది. ఆ అరుపు వినేవాళ్లు దగ్గర్లో ఉంటేనే ప్రయోజనం. పిల్లి ఎక్కినా అరుస్తుంది, పిడుగు పడినా అరుస్తుంది. నాలుగుసార్లు ఊరికే అరిచిన అలారానికి అయిదోసారి ఎవరూ మంచం దిగరు. అందుకని అలారానికి ఒక మొబైల్ ఫోను లాంటి భాగం కలిపినారు. వీధికి చెప్పడం కాక, నేరుగా యజమానికి ఫోను చేసేట్టు, మెసేజి పంపేట్టు చేసినారు. తరువాత దానికే ఉపగ్రహాల సాయంతో స్థలం తెలుసుకొనే భాగం కూడా కలిపినారు.

ఇక్కడే ఆ రెండు పనులు విడివిడిగా చూడాలి. మొదటి పని, తాను ఎక్కడున్నానో పెట్టె తెలుసుకోవడం. అది ఉపగ్రహాల వల్ల జరుగుతుంది. రెండో పని, ఆ సంగతి మనకు చెప్పడం. అది ఉపగ్రహం చేయదు. మన ఊరి సెల్ టవరు చేస్తుంది.

మా సహవాసంలో ఒక పెద్దమ్మ ఉంది. ఈ మాటలు జరుగుతున్నప్పుడు ఆమె అడిగిన ప్రశ్న మా అందరి మనసులోనూ ఉన్నదే. "అయితే అబ్బీ, పైన దేవుడు చూసినట్ల ఆ సాటిలైటు కూడా మన బండిని చూస్తాంటాదా?"

చూడదు. ఆ మాట మేము ఆమెకు నెమ్మదిగా విడమరచి చెప్పినాము, మీకూ చెబుతున్నాము. అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల పైన తిరుగుతుంటాయి. వాటిలో చాలా కచ్చితమైన గడియారాలున్నాయి. ప్రతి ఉపగ్రహమూ ఎడతెగకుండా "నేను ఇక్కడున్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని చాటుతూ ఉంటుంది. అంతే. వినేవాడు ఎవడో దానికి తెలియదు. మన పెట్టె ఆ మాట వింటుంది. మాట బయలుదేరిన సమయానికి, తనకు అందిన సమయానికి మధ్య తేడాను బట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట వినబడితే తాను భూమి మీద ఎక్కడున్నదీ తేల్చుకుంటుంది. ఆ మాట సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది కాబట్టి, లెక్కలో సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా స్థలం 300 మీటర్లు తప్పిపోతుంది. అందుకే ఆ గడియారాలు అంత కచ్చితంగా ఉండాలి.

పెద్దమ్మ అంతా విని "అయితే అది గుడ్డిదే. చెప్పడమే గాని చూడ్డం లేదు" అనింది. అంతకన్నా బాగా మేమెవరమూ చెప్పలేము. మనలను చూచే చూపు వేరు, మనకు సమయం చెప్పే గడియారం వేరు. రెంటికీ ఒకే పేరు పెట్టకూడదు.

ఇది మొదట సైన్యం కోసం కట్టుకున్న ఏర్పాటు. 1983 సెప్టెంబరు 1న కొరియా దేశపు ప్రయాణికుల విమానం ఒకటి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి పోతే దాన్ని కూల్చివేసినారు. అందులో ఉన్న 269 మందీ చనిపోయినారు. ఆ తరువాతే జీపీఎస్‌ను లోకమంతా ఉచితంగా వాడుకోవచ్చని అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటన చేయించినాడు. చాలా ఏండ్లు సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేవారు. 2000 సంవత్సరం మే నెలలో అది మానేసినారు. ఈరోజు మన బండి చుక్క కొద్ది మీటర్ల తేడాతో పడుతోందంటే దాని వెనక ఇంత కథ ఉంది.

మనవారిది కూడా ఒకటుంది. దాని పేరు నావిక్. దాని మొదటి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుండే ఎగిరింది. 2016 ఏప్రిల్ 28న ఏడవది ఎగిరిన రోజున ఆ ఏర్పాటుకు నావిక్ అని పేరు పెట్టినారు. ఇవి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వీటిలో కొన్నింటి గడియారాలు చెడిపోయి ఇస్రోవారికి చాలా శ్రమ కలిగింది. 2023 మే 29న పంపిన ఎన్‌వీఎస్-01లో మన దేశంలోనే తయారైన అణు గడియారం పెట్టినారు. 2025 జనవరి 29న శ్రీహరికోట నుండి నూరవ ప్రయోగంగా ఎన్‌వీఎస్-02ను పంపినారు. రాకెట్టు బాగానే పోయింది గానీ, ఉపగ్రహంలోని కవాటం తెరుచుకోక అది తన కక్ష్యకు చేరలేకపోయింది. అంత పెద్ద చదువులు చదివినవారి పనిలో కూడా ఒక చిన్న కవాటం మొండికేస్తుంది. మూడు వేల రూపాయల పెట్టె ఎన్నడూ తప్పదని మనం ఎట్లా అనుకోగలం?

ప్రభుత్వం కూడా ఈ దారిలోనే వచ్చింది. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో ఆ ఆడబిడ్డకు జరిగిన ఘోరం తరువాత, ప్రజలు ఎక్కే వాహనాల్లో స్థలం తెలిపే పరికరం, ఆపదలో నొక్కే బటను ఉండాలన్న మాట బలపడింది. 2016 నవంబరులో కేంద్ర రవాణా శాఖ ఆ నియమాన్ని ప్రకటించింది. గడువులు జరిగి జరిగి, 2019 జనవరి 1 నుండి రిజిస్టరయ్యే కొత్త బస్సులకు, టాక్సీలకు అది తప్పనిసరి అయింది. ఆ పరికరం ఎట్లా ఉండాలో చెప్పే ప్రమాణానికి ఏఐఎస్ 140 అని పేరు. బండి బ్యాటరీ తీగ కోసేసినా కనీసం నాలుగు గంటలు పని చేసే సొంత బ్యాటరీ ఉండాలని, నావిక్ మాట కూడా వినగలగాలని అందులో ఉంది. ఆటోలకు, మోటారు సైకిళ్లకు ఈ నియమం లేదు. మా వ్యాను సొంత వాడకానిది కాబట్టి మాకూ లేదు. బిగించుకోవడమా మానడమా అన్నది మా ఇష్టం.

ఇష్టమైనది కాబట్టే ఆలోచించాల్సి వచ్చింది. తప్పనిసరి అయితే ఎవరినీ అడగక్కర్లేదు గదా.

మా వ్యాను తోలేది మా సహవాసంలోని ఒక యువకుడే. ఇంటర్ వరకు చదివినాడు. తండ్రి లేడు. తల్లి కూలికి పోతుంది. మేమిచ్చే కొద్ది జీతానికి రాత్రనక పగలనక బండి తీస్తాడు. పెట్టె బిగిద్దామని పెద్దలు కూర్చున్న రోజున ఆ అబ్బాయిని కూడా పిలిచినాము. అన్నీ విన్నాడు. చివరకు ఒకే మాట అడిగినాడు.

"అయ్యగారూ, అది దొంగ కోసమా, నా కోసమా?"

కొంచెంసేపు ఎవరమూ మాట్లాడలేదు. దొంగ కోసమే అన్నది నిజం. ఆ రైతన్న ఇల్లు చూసిన భయంతోనే మేము ఈ మాట తెచ్చినాము. అయితే దొంగ వచ్చేది ఏండ్లకొకసారి. ఆ అబ్బాయి బండి ఎక్కేది రోజూ. ఆ పెట్టె చూపించే చుక్క ఏడాదిలో అన్ని దినాలూ అతని చుక్కే. ఎక్కడ టీ తాగినాడు, ఎవరింటి ముందర ఆగినాడు, ఎంత వేగంగా పోయినాడు, అన్నీ పది ఫోనుల్లో కనబడతాయి. ఒక పెద్దాయన "నువ్వు తప్పు చేయనప్పుడు నీకేం భయం?" అన్నాడు. ఆ అబ్బాయి తల వంచుకొని, "భయం కాదు పెద్దయ్యా, ఒక మాదిరిగా ఉంటాది" అన్నాడు. ఆ 'ఒక మాదిరి' అన్న మాటకు న్యాయస్థానాల్లో పెద్ద పేరు ఉంది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పినారు. 2024 జులై 8న ఇంకొక కేసులో, బెయిలు మీద ఉన్న మనిషి గూగుల్ మ్యాపులో తన స్థలాన్ని పోలీసులకు ఎప్పుడూ కనబడేట్టు పెట్టాలన్న షరతును అదే కోర్టు కొట్టివేసింది. నేరం మోపబడిన మనిషికే ఆ మర్యాద ఉన్నప్పుడు, ఏ నేరమూ లేని మా అబ్బాయికి ఇంకెంత ఉండాలి?

అట్లాగని పెట్టె వద్దని మేము తీర్మానించలేదు. బండి పదిమంది చెమట డబ్బు. అది పోతే మళ్లీ కొనే శక్తి మాకు లేదు. అందుకని షరతులు రాసుకొని బిగించినాము. ఆ చుక్క మూడు ఫోనుల్లోనే కనబడాలి, అందులో ఒక ఫోను ఆ అబ్బాయిదే కావాలి. అలారం మోగితే, లేదా బండి చెప్పిన వేళకు రాకపోతే తప్ప ఎవరూ అది తెరిచి చూడకూడదు. చూసినవాళ్లు ఎందుకు చూసినదీ అతనికి చెప్పాలి. బండి అతని ఇంటి దగ్గర ఆగిన తరువాత, అలారం మోగితే తప్ప దాని జోలికి పోకూడదు. ఇంకొకటి, బండిలో ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎక్కడికి పోయినాము, ఎందుకు ఆగినాము అన్నది అతనే తన చేతితో రాయాలి. ఆ పుస్తకం సంగతి మొదట్లో అందరికీ చాదస్తంగానే అనిపించింది. తరువాత ఒక రాత్రి దాని విలువ తెలిసింది.

వానకాలం అది. అడవి వైపున్న ఒక చిన్న పల్లె నుండి ఒకాయన మోటారు సైకిలు మీద తడుచుకుంటూ వచ్చినాడు. కూతురికి నొప్పులు మొదలైనాయి, ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోవాల అన్నాడు. మా అబ్బాయి ఎనిమిది గంటలకు బండి తీసినాడు. ఆ పల్లెకు సిగ్నలు అందదు. గంటలో పోయి, ఇంకో గంటలో మళ్లీ సిగ్నలు ఉన్న చోటికి రావాలి. పదిన్నర అయినా రాలేదు. ఫోను కలవలేదు. షరతు ప్రకారం యాప్ తెరిచినాము. చుక్క అడవి మొదట్లో ఆగిపోయి ఉంది.

అంతలో అతని తల్లి వచ్చింది. ఫోనులో చుక్క చూసి, "కదల్లేదే, కదల్లేదే సామీ. బోల్తా పడిందేమో" అని కూలబడింది. ఆమెకు మేము చెప్పింది ఇదే. అమ్మా, ఆ చుక్క బండి ఉన్న చోటు కాదు, టవరుకు చివరిసారి కబురు అందిన చోటు. పెట్టెకు పైనుండి ఉపగ్రహాల మాట వినబడుతూనే ఉంటుంది, తానెక్కడున్నదీ దానికి తెలుస్తూనే ఉంటుంది. చెప్పుకోవడానికే దారి లేదు. నోరు లేని బిడ్డ లాంటిది. ఆ మాట ఆమెకు కొంత ధైర్యం ఇచ్చింది. అయినా చుక్క చూస్తూ కూర్చుంటే సరిపోదు గదా. టార్చి, తాడు తీసుకొని ఇద్దరు మోటారు సైకిలు మీద బయలుదేరినారు. తక్కినవాళ్లము ఆమె పక్కన కూర్చొని ప్రార్థనలో ఉన్నాము.

పోయినవాళ్లు వంక దగ్గర ఆగిపోవాల్సి వచ్చింది. కొండ మీద కురిసిన వానకు వంక పొర్లుతోంది. అవతలి ఒడ్డున మా వ్యాను లైట్లు కనబడినాయి. మా అబ్బాయి చేతిలో కట్టె పట్టుకొని నీళ్ల లోతు చూస్తూ నిలబడి ఉన్నాడు. బండిలోని వాళ్లు "పోనీ నాయనా, పోనీ" అని బతిమాలుతున్నారు. అతను మాత్రం "మోకాలు దిగితేనే పోనిస్తా. అంతవరకు ఎవరు చెప్పినా పోనీయను" అని మొండికేసినాడు. నీళ్లు దిగినాయి. దాటినారు. తెల్లవారుజామున ప్రొద్దుటూరులో ఆడబిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

బండి సిగ్నలులోకి రాగానే ఆ పెట్టె తన లోపల దాచిపెట్టుకున్న చుక్కలన్నీ ఒక్కసారిగా పంపింది. మరుసటి రోజు చూస్తే పటం మీద దారి అంతా గీత గీసినట్టు ఉంది. వంక దగ్గర మాత్రం "నిలిపిన సమయం 1 గంట 20 నిమిషాలు" అన్న లెక్క ఉంది. ఆ లెక్క అబద్ధం కాదు. ఏ పెద్ద కంపెనీలోనో ఆ కాగితం ఒక మేనేజరు బల్ల మీదకు పోయి ఉంటే, బండిని ఊరికే నిలబెట్టినావని ఆ డ్రైవరుకు జీతం కోసేవారేమో. నోటు పుస్తకంలో మా అబ్బాయి రాసింది ఇది: "వంక. నీళ్లు. ఆగినాము. బిడ్డ పుట్టింది." పెట్టె రాసిన గంటా ఇరవై నిమిషాలు, మనిషి రాసిన ఆ నాలుగు మాటలు పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ రాత్రి అర్థమవుతుంది.

మా ప్రాంతంలో గొర్రెలు మేపేవాళ్లను మీరు చూసే ఉంటారు. మందలో ముందు నడిచే పొట్టేలు మెడకు గంట కడతారు. వీపు మీద రంగు పూస్తారు. గంట వినబడితే మంద ఎటు పోతోందో తెలుస్తుంది. రంగు చూస్తే ఎవరిదో తెలుస్తుంది. ఈ పెట్టెకు అదే పాత రూపం అనుకోవచ్చు. అయితే మంచి కాపరి గంట కట్టినాము గదా అని చెట్టు కింద పడుకోడు. ఏది కుంటుతోంది, ఏది మేత ముట్టలేదు, ఏది ఈనబోతోంది అన్నది గంట చెప్పదు. దగ్గరకు పోయి చూడాల్సిందే. కాపరి పని అని చెప్పుకునే మాలాంటివారికి ఇది మరీ ముఖ్యం.

చదువరులలో బండ్లున్నవారు చాలామంది ఉంటారు కాబట్టి మేము తెలుసుకున్న కొన్ని పనికొచ్చే సంగతులు కూడా చెబుతాము. పెట్టె కొనేముందు అది ఏ నెట్‌వర్కు మీద పని చేస్తుందో అడగండి. చవకగా దొరికేవి చాలావరకు 2జీవి. 2016లో వచ్చిన జియోలో మొదటి నుండీ 2జీ లేదు, 4జీతోనే మొదలైంది. కాబట్టి అన్ని సిమ్ములూ అన్ని పెట్టెలకూ పనికిరావు. మీ ఊరిలో, మీ పొలం దగ్గర ఏ సిగ్నలు గట్టిగా ఉందో చూసి దానికి తగినది తీసుకోండి. మారుమూల పల్లెలకు 4జీ ఇవ్వడానికి 2022 జులైలో కేంద్రం 24,680 పల్లెలతో ఒక పథకాన్ని ఆమోదించింది. అవన్నీ పూర్తయితే మా వంక అవతలి పల్లెల్లాంటివాటికి మేలు.

సిమ్ రీచార్జి అయిపోతే పెట్టె ఉండీ లేనట్టే. ఆ తేదీని గోడ క్యాలెండరులో రాసి పెట్టుకోండి. రేకుల షెడ్డులో, కంటైనరు లోపల ఉపగ్రహాల మాట వినబడదు. అప్పుడు కొన్ని పెట్టెలు సెల్ టవరును బట్టి స్థలం చెబుతాయి. పల్లెల్లో టవర్లు దూరం దూరంగా ఉంటాయి కాబట్టి ఆ చుక్క కిలోమీటర్ల తేడాతో పడవచ్చు. సంకేతాన్ని అడ్డుకొనే జామర్లు వాడే దొంగలు కూడా ఉన్నారు. ప్రభుత్వ అనుమతి లేకుండా జామరు వాడడం మన దేశంలో నేరమే గానీ, దొంగకు అది ఇంకో నేరం అంతే. ఫోను నుండే ఇంజను ఆపివేసే ఏర్పాటు కొన్నింటిలో ఉంటుంది. పరుగెత్తే బండిని ఒక్కసారిగా ఆపితే ఎదుటి బండిలో పోయేవారి ప్రాణం పోవచ్చు. బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే పని చేసేట్టు దాన్ని బిగించమని మెకానిక్కును గట్టిగా అడగండి. బండి నిజంగా పోతే చుక్క పట్టుకొని మీరే వెంటపడవద్దు. 112కు ఫోను చేయండి, స్టేషనుకు పోయి ఎఫ్‌ఐఆర్ రాయించండి, ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు, చుక్క చూపే చోటు వారికి ఇవ్వండి. బండి కోసం ప్రాణం పోగొట్టుకోవడం లాభం కాదు. అన్నిటికన్నా ముందు ఇన్సూరెన్సు సరిగా ఉందో చూసుకోండి. ఆ రైతన్న ఇంటికి ఇప్పటికీ కంతు తేదీ వస్తూనే ఉంది.

చివరగా ఒక మాట. ఇప్పుడు ఇండ్లలో పిల్లల ఫోనుల్లో కూడా ఇట్లాంటి చుక్కలు పెట్టుకుంటున్నారు. హైదరాబాదులో, బెంగళూరులో చదివే బిడ్డ ఎక్కడుందో ఇక్కడ మైదుకూరులో తండ్రి చూస్తున్నాడు. ఆ చూడడం వెనక ప్రేమే ఉంది, మేము కాదనము. అయితే చుక్క హాస్టలులో ఉందని తెలిసిన తరువాత ఫోను చేయడం మానేసిన తల్లిదండ్రులను కూడా మేము చూస్తున్నాము. బిడ్డ ఎక్కడుందో తెలిసింది గదా, ఇంకేం అడగాలి అన్నట్టు. అడగాల్సింది అక్కడి నుండే మొదలవుతుంది. అన్నం తిన్నావా, ఎవరైనా ఏమైనా అన్నారా, గొంతు ఎందుకట్లా ఉంది అని. పెట్టె బిగించుకునేవారు బిగించుకోండి. బిగించేముందు ఆ చుక్క ఎవరిదో, ఆ మనిషిని కూర్చోబెట్టి అడగండి. రోజుకొకసారైనా అతని గొంతు వినండి.

మీ ఇంటి బండ్లు, వాటిని తోలేవాళ్లు క్షేమంగా ఇల్లు చేరాలని కోరుతున్నాము.